ఇత్తడి బొమ్మ సందుల్లో ప్లాస్టర్ పోవాలంటే
అన్నా, చిన్న ఇత్తడి గణపతి వేళ్ళ సందుల్లో, కిరీటం గీతల్లో పోత పోసిన అచ్చు (మోల్డ్) ప్లాస్టర్ ఉండిపోయింది, సూదితో గీకితే గీతలు పడుతున్నాయన్నావు కదా, ముందు ఆ సూది పక్కన పెట్టెయ్, ఇత్తడి కన్నా స్టీల్ గట్టిది, గీత పడక మానదు. గోరువెచ్చని నీళ్ళలో నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, ప్లాస్టిక్ డబ్బాలోనే, కాసేపు నానబెడితే ప్లాస్టర్ మెత్తబడుతుంది, కానీ మర్చిపోయి రాత్రంతా ఉంచకు, ఇత్తడిలోని జింక్ కరిగిపోయి పైన రాగి రంగు గులాబీగా తేలుతుంది. తర్వాత వెదురు పుల్ల చివర నీళ్ళలో నానబెట్టి కొంచెం నమిలినట్టు చీల్చు, ఆ పీచు కిరీటం గీతల్లోకి భలే దూరుతుంది, మెటల్‌కి ఏమీ కాదు. ఇంకా మొండిగా ఉంటే సికింద్రాబాద్ రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో సన్న ఇత్తడి బ్రష్ అడుగు, స్టీల్‌ది మాత్రం వద్దు. చివర్లో వంటసోడా నీళ్ళతో కడిగి హెయిర్ డ్రయ్యర్‌తో సందులన్నీ ఆరబెట్టు, తడి ఉంటే అక్కడే పచ్చగా చిలుం పడుతుంది.