‘ద బుక్స్ ఆఫ్ మ్యాజిక్’ కొనొచ్చా? ఒకరు అద్భుతం అంటారు, ఇంకొకరు బోర్ అంటారు. హ్యారీ పాటర్ దీన్ని చూసి రాసిందేనా? మా అబ్బాయికి పదమూడేళ్ళు.

అద్భుతం అన్నవాళ్ళూ, బోర్ అన్నవాళ్ళూ ఇద్దరూ నిజమే చెప్తున్నారు. నేను రెండు పక్షాల్లోనూ ఉన్నాను, కాకపోతే ఆరేళ్ళ తేడాతో.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇది నీల్ గైమన్ రాసిన బొమ్మల నవల. 1990-91లో డీసీ కామిక్స్ వాళ్ళు నాలుగు భాగాలుగా వేశారు. లండన్‌లో టిమ్ హంటర్ అనే పన్నెండేళ్ళ కుర్రాడు, కళ్ళజోడు, చేతిలో యో-యో. పొడుగు కోట్లు వేసుకున్న నలుగురు మగవాళ్ళు వచ్చి, నువ్వు ఈ కాలానికే గొప్ప మాంత్రికుడివి కాగలవు, అవ్వాలో వద్దో నువ్వే తేల్చుకో, ముందు మంత్రవిద్య అంటే ఏంటో చూపిస్తాం అంటారు. ఒకరు గతం చూపిస్తారు, ఒకరు వర్తమానం, ఒకరు ఫెయిరీల లోకం, ఒకరు భవిష్యత్తు. అంతే కథ.

ఆ ‘అంతే’ దగ్గరే చాలామందికి తేడా కొడుతుంది. ఓ ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత కాపీ దొరికితే ఎగిరి గంతేసి కొన్నాను. మంత్రదండం, శత్రువు, యుద్ధం ఉంటాయనుకున్నాను. టిమ్ ఏమీ చెయ్యడు. నడుస్తాడు, చూస్తాడు, ప్రశ్నలు అడుగుతాడు. రెండో భాగంలో ఆ నలుగురిలో ఒకడైన జాన్ కాన్‌స్టంటైన్ కుర్రాణ్ణి అమెరికా తీసుకెళ్ళి డీసీ వాళ్ళ మిగతా కామిక్స్‌లోని మాంత్రికులని పరిచయం చేస్తుంటే, నాకు కొత్తగా అత్తారింట్లో అడుగుపెట్టిన రోజు గుర్తొచ్చింది. వీళ్ళు ఫలానా, వాళ్ళు ఫలానా అని చెప్తూనే ఉంటారు, మనం తలూపుతూనే ఉంటాం, ఒక్క పేరూ గుర్తుండదు. డాక్టర్ ఫేట్, డెడ్‌మ్యాన్ లాంటివాళ్ళు ముందే తెలిసిన అభిమానులకి ఇది పండగే. మనకి కాదు.

పైగా నా కాపీకి బైండింగ్ ఊడిపోయి నాలుగో భాగం పేజీలు విడిగా వచ్చేశాయి. ఏది ముందో ఏది వెనకో తెలియక అందినట్టు చదివేశాను. ఆ భాగంలో కాలం చివరిదాకా వెళ్తారు కదా, కావాలనే ఇలా గజిబిజిగా రాశాడేమో, ఎంత ప్రయోగమో అనుకున్నాను! బోర్ అని తేల్చి అటక మీద పడేశాను.

మొన్న వేసవి సెలవుల్లో మా అక్క కొడుకు దాన్ని దించాడు. మీ అబ్బాయి వయసే. రోజుకి ఒక భాగం చొప్పున ఇద్దరం కలిసి చదివాం. అసలు కిటుకు అదేనేమో. ఒక్కో భాగానికి ఒక్కో చిత్రకారుడు కాబట్టి, ఏకబిగిన చదివితే బొమ్మలు ఒకదాన్నొకటి మింగేస్తాయి. మొదటి భాగంలో జాన్ బోల్టన్ బొమ్మలు బాగుంటాయి కానీ మాటలు బరువు. మూడోది చార్లెస్ వెస్ వేసింది. చదివిన పదిమందిని అడిగితే ఎక్కువమంది దీన్నే చెప్తారు, నేనూ అంతే. ఫెయిరీల లోకంలో రాణి టైటానియా టిమ్‌కి కానుక ఇస్తుంది. పుచ్చుకున్నాక అసలు సంగతి బయటపడుతుంది. దానికి తగ్గ కానుక తిరిగి ఇవ్వకపోతే అక్కడే ఉండిపోవాలి! వంటింట్లోంచి ఇది విన్న మా అక్క, ‘‘ఆవిడెవరో మన చదివింపుల పుస్తకం చూసినట్టుంది’’ అంది. ఎలా బయటపడ్డాడో మీరే చదవండి.

నాలుగో భాగం గురించి మాత్రం ముందే చెప్పాలి. టిమ్ యో-యోని ఆ నలుగురిలో ఒకరు మొదట్లోనే గుడ్లగూబగా మార్చేస్తారు. మావాడికి టిమ్ కన్నా ఆ గుడ్లగూబే ఇష్టం. ప్రతి పేజీలో అది ఎక్కడుందో ముందు వెతికేవాడు. భవిష్యత్తు చూపించే మిస్టర్ ఈ అనే అంధుడు పిల్లాడి మీదకే వస్తాడు, అడ్డుపడి గుడ్లగూబ చచ్చిపోతుంది. మావాడు పుస్తకం మూసేశాడు. ‘‘పిన్నీ, అది యో-యోనే కదా, మళ్ళీ చెయ్యొచ్చు కదా’’ అన్నాడు. చదివితే తెలుస్తుందన్నాను. రెండు రోజులు ముట్టుకోలేదు.

ఇక హ్యారీ పాటర్ సంగతి. కళ్ళజోడు, నల్లజుట్టు, గుడ్లగూబ, ఇంగ్లండ్ పిల్లాడు, అన్నీ కలుస్తాయి. పాటర్ మొదటి పుస్తకం 1997లో వచ్చింది, ఇది ముందుది. కానీ కాపీ అన్న మాటని గైమనే కొట్టిపారేశాడు. నేనూ, పాటర్ రాసిన రౌలింగూ ఇద్దరం టీ.హెచ్. వైట్ అనే పాత రచయిత దగ్గర నుంచి తెచ్చుకున్నాం అన్నాడు. 1938లో వైట్ రాసిన కథలో కూడా కుర్రాడికి విద్య నేర్పే మాంత్రికుడి దగ్గర గుడ్లగూబ ఉంటుంది. మన జానపద కథల్లో పేదరాశి పెద్దమ్మని ముందు ఎవరు రాశారని ఎవరైనా పోట్లాడతారా? అసలు చదువుతుంటే రెండింటికీ పోలికే కనపడదు. పాటర్‌లో సగం ఆనందం బడి, స్నేహితులు. ఇక్కడ బడీ లేదు, పక్కన తోటి పిల్లాడూ లేడు. పాటర్ లాంటిదే అని చెప్పి మాత్రం మీ అబ్బాయి చేతికి ఇవ్వకండి, తిట్టుకుంటాడు.

పదమూడేళ్ళకి ఇవ్వొచ్చు. చావులున్నాయి, కొన్ని బొమ్మలు భయపెడతాయి, కాన్‌స్టంటైన్ సిగరెట్ తాగుతూనే ఉంటాడు. ఇంగ్లిష్ కూడా అక్కడక్కడా పెద్దవాళ్ళకే కష్టం. ముందు మీరు ఓసారి తిరగేయండి. తర్వాత 1994 నుంచి 2000 దాకా వేరేవాళ్ళు రాసిన 75 సంచికల సిరీస్ కూడా ఉంది. అందులో కథ నడుస్తుంది, టిమ్‌కి మాలీ అనే అమ్మాయి తోడవుతుంది. నేను మొదటి సంపుటంతో ఆగిపోయాను.

మీకు పనికొస్తుందని మావాణ్ణి మార్కులు వెయ్యమన్నాను. మూడో భాగానికి పదికి పది, నాలుగోదానికి రెండు. ఆ రెండు కూడా చివరి పేజీలకట. పుస్తకం ఇప్పుడు వాడి దగ్గరే ఉంది. ఊడిపోయిన పేజీలన్నిటికీ వరసగా పెన్సిల్‌తో నంబర్లు వేసుకున్నాడు.