సంతకం వస్తే చాలా?

ప్రశ్న: మా అత్తయ్యకు 58 ఏళ్లు. సంతకం వచ్చు, అది చాలంటుంది. ఈ వయసులో చదువు నేర్పడం అవసరమా? – ఒక కోడలు, కావలి

జవాబు: అవసరమేనమ్మా. జనగణన లెక్కలో కూడా ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం రెండూ వచ్చినవారే అక్షరాస్యులు. 1990ల మొదట్లో మీ నెల్లూరు జిల్లాలోనే నేను రాత్రి బడిలో చెప్పాను, అమ్మమ్మలూ వచ్చేవారు. సారా వల్ల చితికిన సంసారం గురించి వాచకంలో చదువుకున్న దూబగుంట ఆడవాళ్లు ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం తెచ్చింది. ఎంత ధైర్యం వాళ్లది!

అత్తయ్యకు అ, ఆలతో మొదలుపెట్టకండి. ముందు మనవల పేర్లు, బస్సు బోర్డులు, పాస్‌బుక్‌లో నిల్వ చదివించండి. రోజూ అరగంట చాలు. మాత్రల అట్ట మీద గడువు తేదీ ఎక్కడుంటుందో కూడా తప్పకుండా చూపించండి.