పద్మా, ఆ కాలు చూపించుకో

చిరంజీవి పద్మకు, గుంటూరు నుంచి మీ మేనత్త ఆశీస్సులు.

మొన్న గృహప్రవేశంలో నీ పాదాలకు పసుపు రాస్తూ చూశాను. ఎడమ చీలమండ లోపలివైపు చర్మం నేరేడుపండు రంగుకు తిరిగింది. పిక్క మీద నరాలు మెలికలు పడి తేలాయి. అడిగితే, "బీసెంట్ రోడ్డులో రోజంతా నిలబడే పని కదత్తా, అందరికీ ఉండేదే" అన్నావు. ముప్పై ఏళ్ళు బ్లాక్‌బోర్డు ముందు నిలబడి నేనూ అదే అనుకున్నానమ్మా.

ఆ నల్లమచ్చ దురద పెడితే గోకకు. నేను గోకాను, రూపాయి బిళ్ళంత పుండయింది. ఏడాదిపాటు ఒక క్లినిక్‌లో ఆయింట్‌మెంట్లు రాస్తూనే పోయారు, పైన నరం సంగతి చూడలేదు. కాళ్ళలోంచి రక్తం పైకెక్కే సిరల్లో చిన్న చిన్న కవాటాలుంటాయి. అవి పాడైతే రక్తం కిందికి జారి చీలమండ దగ్గర నిలిచిపోతుంది. పుండుకు మూలం అదీ.

ఇంకో సంగతి నీకు చెప్పలేదు. ఒకరోజు స్నానం చేస్తుంటే కాలి మీద చిన్న బొడిపె చిట్లింది. నొప్పి లేదు. కింద నీళ్ళు ఎర్రబడ్డాయని చూస్తే, రక్తం గోడ మీదికి చిమ్ముతోంది! మీ మామయ్య కంగారుగా కుర్చీలో కూర్చోబెట్టి పసుపు అద్దారు, ఆగలేదు. పక్కింటి నర్సమ్మ వచ్చి నేల మీద పడుకోబెట్టి, కాలు స్టూలు మీదికెత్తి, శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు అదిమి పట్టింది. అప్పుడాగింది. నీకెప్పుడైనా అలా అయితే ముందు పడుకుని కాలెత్తు, గట్టిగా నొక్కు. ఆ తర్వాత ఆసుపత్రికి.

ఒక కాలు ఉన్నట్టుండి వాచి పిక్క నొప్పి పుడితే లోపల రక్తం గడ్డకట్టిందేమో, అదే రోజు చూపించుకోవాలి. ఆయాసం కూడా వస్తే క్షణం ఆగకూడదు.

రక్తనాళాల డాక్టరు, అదే వాస్క్యులర్ సర్జన్ దగ్గరికి వెళ్దాం. నిలబెట్టి, సిరల్లో రక్తం ఎటు పారుతోందో చూసే డాప్లర్ స్కాన్ చేస్తారు. కోత అని టెన్షన్ పడకు. ఇప్పుడు సన్నని తీగ లోపలికి పంపి, లేజర్‌తోనో రేడియోఫ్రీక్వెన్సీతోనో పాడైన సిరను వేడితో మూసేస్తారు. రక్తం మంచి సిరల దారి పడుతుంది. చిన్న మెలికలకు నురగమందు ఇంజెక్షన్ ఇస్తారు. నేను ఆ సాయంత్రమే నడిచి ఇంటికొచ్చాను. బిగుతు కట్లు కడుతూ ఉంటే, ఏడాది మానని పుండు మూడు నెలల్లో మానింది.

కాళ్ళకు తొడిగే బిగుతు మేజోళ్ళు, అదే స్టాకింగ్స్ మాత్రం నీ అంతట నువ్వు కొనకు. పాదంలో నాడి చూశాక డాక్టరే కొలత చెబుతారు. పొద్దున మంచం దిగకముందే తొడుక్కోవాలి.

మంగళవారం నీకు సెలవుగా, పొద్దున్నే బస్టాండులో దిగుతాను. స్కాన్ తొడ దాకా చేస్తారు, వదులు బట్టలు వేసుకుని రా.

మీ అత్త