కుళాయి దగ్గరి బెంచీ: మేనల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులతో వ్రాయునది.

పక్షులను చూడటం నేర్చుకోవాలని ఉందనీ, ఏదైనా సెలవు రోజున అమీన్‌పూర్ చెరువుకో అనంతగిరి కొండలకో తీసుకువెళ్లమనీ అడిగావు. తప్పకుండా తీసుకువెళ్తాను. అయితే అంతకంటే ముందు మీ అపార్ట్‌మెంటు ఎదురుగా ఉన్న ఆ ఎకరం పార్కులో ఈ అక్టోబరు నెలంతా రోజూ ఉదయం ముప్పావుగంట కూర్చో.

చిన్న పార్కు అని చులకనగా చూడకు. వలస వచ్చే చిన్నపిట్టలలో చాలావరకు రాత్రివేళ ప్రయాణించి, తెల్లవారేసరికి ఎక్కడో ఒకచోట దిగి ఆకలి తీర్చుకుంటాయి. చుట్టూ మైళ్ల కొద్దీ డాబాలూ రోడ్లూ ఉన్నప్పుడు వాటికి దొరికేది నాలుగు కానుగ చెట్లూ, ఒక రావి చెట్టూ ఉన్న అలాంటి చోటే. పెద్ద అడవిలో పది గ్రాములైనా తూగని పిట్టను వెతికి పట్టుకోవడం నాలాంటివాడికే కష్టం; ఎకరం నేలలో అది నీ కళ్లముందుకు రాక తప్పదు.

ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. కొన్నేళ్ల క్రితం పొన్నంగి పిట్టను చూడాలని వరుసగా నాలుగు ఆదివారాలు అనంతగిరి చుట్టూ తిరిగి, కాళ్లకు ముళ్లు గుచ్చుకోవడం తప్ప ఏమీ దక్కక తిరిగి వచ్చాను. అయిదో వారం మా కాలనీ పార్కు తోటమాలి నన్ను ఆపి, ‘సారూ, ఎరువు గుంత దగ్గర రంగురంగుల పిట్ట ఒకటి వారం రోజులుగా నేల మీద గెంతుతోంది, చూశారా?’ అని అడిగాడు. వెళ్లి చూస్తే అదే! ఆకుపచ్చ వీపు, కంటి మీదుగా నల్లని పట్టీ, తోక కింద కుంకుమ అద్దినట్టు ఎరుపు. ఎండుటాకులను ముక్కుతో పక్కకు విసిరి, ఒక పురుగును లాగి, నావైపు ఒకసారి చూసి, మళ్లీ తన పనిలో పడింది. మధ్య భారతంలోనూ హిమాలయాల దిగువనా గూళ్లు కట్టి, చలికాలానికి దక్షిణానికి పోయే ఈ పిట్ట దారిలో అలసి ఊళ్లలోని తోటల్లో దిగడం మామూలే. నేను కొండలెక్కుతున్న వారమంతా అది మా ఇంటి వెనకే ఉంది.

మొదటి వారం వలసపిట్టల జోలికి పోవద్దు. కాకి, పావురం, గోరింక, పికిలిపిట్ట, తేనెపిట్ట, దర్జీపిట్ట, కంసాలిపిట్ట, జెముడుకాకి, వీటిలో ఏది ఏ వేళకు ఏ కొమ్మ మీద ఉంటుందో, ఎలా అరుస్తుందో వంటబట్టించుకో. ఇంటివాళ్ల ముఖాలు తెలిస్తేనే వచ్చిన చుట్టం ఎవరో పోల్చుకోగలం.

ఆ తరువాత చెవితో మొదలుపెట్టు. పొదలో ఎవరో రెండు గులకరాళ్లను తట్టినట్టు ‘చెక్... చెక్’ అని వినిపిస్తే అది చాలావరకు బ్లిత్స్ రీడ్ వార్బ్లర్. ఫిన్లాండు నుంచి సైబీరియా దాకా పొదల్లో గూడు కట్టి, చలికాలానికి మనదేశం వచ్చే మట్టిరంగు పిట్ట. చెట్టు పైకొమ్మల్లో ఆకుల నడుమ క్షణం నిలవకుండా గెంతుతూ, కనుబొమ్మ మీద లేత గీతతో, రెండక్షరాల సన్నని కూతతో ఉండేది గ్రీనిష్ వార్బ్లర్. వీటికి నోరారా పిలిచే తెలుగు పేర్లు లేకపోవడం నాకు ఎప్పుడూ లోటుగానే ఉంటుంది. తడిసిన పచ్చిక మీద తోకాడిస్తూ నడిచే పసుపు పొట్ట జిట్టంగి మాత్రం బతుకమ్మ పండుగ నాటికే వచ్చి ఉంటుంది, దాన్ని గుర్తుపట్టడానికి నా సాయం అక్కర్లేదు. తోకను నిక్కించి, దాని మొదట్లో రెండు వైపులా తెలుపు చూపించే బుల్లి ఫ్లైక్యాచర్ కోసం మాత్రం ఓపిక పట్టాలి.

కూర్చునే చోటు ముఖ్యం. వాకింగ్ ట్రాక్ పక్కన కాదు. తోటమాలి చెత్తాకు పోసే మూలన, లేదా కారుతున్న కుళాయి దగ్గర. ఆ చిన్న మడుగుకు నీళ్లు తాగడానికీ, స్నానానికీ దిగని పిట్ట ఉండదు. నీళ్లు వృథా అవుతున్నాయని ఎవరైనా కుళాయి బాగు చేయిస్తే, దాని కింద ఒక మట్టి మూకుడు పెట్టి రోజూ నింపు. ఆకులను ఊడ్చి కాల్చవద్దని తోటమాలిని బతిమాలుకో. ఆ ఒక్క మూల వదిలితే చాలు. సూర్యుడు నీ వీపు వైపు ఉండేలా కూర్చోకపోతే ప్రతి పిట్టా నల్లగానే కనిపిస్తుంది.

బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి, రెండు రోజులు ముసురు కురిసి తెరిపి ఇచ్చిన ఉదయం ఆఫీసుకు గంట ఆలస్యమైనా సరే పార్కుకు వెళ్లు. వానకు ప్రయాణం ఆపుకుని దిగిన పిట్టలు ఆ పూట ఆకలి మీద ఉంటాయి.

బైనాక్యులర్ 8×42 తీసుకో, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్ల వెడల్పు ఉండేది. పది రెట్లు పెద్దగా చూపే దానిలో చేతి వణుకు కూడా పెద్దదవుతుంది, కనిపించే మేర కూడా తగ్గుతుంది. కొనేముందు రెండు మీటర్ల దూరంలోని వస్తువు స్పష్టంగా కనిపిస్తుందో లేదో చూసుకో, ఎందుకంటే చిన్న పార్కులో పిట్ట దగ్గరికే వస్తుంది. ఇంకొక మాట: పార్కు చుట్టూ బాల్కనీలు ఉంటాయి కాబట్టి, మొదటి రోజే వాచ్‌మన్‌కు బైనాక్యులర్ ఇచ్చి ఒక గోరింకను చూపించు, అద్దాన్ని ఎప్పుడూ కిటికీల వైపు తిప్పకు. ఒకసారి నన్ను ఒక పెద్దావిడ నిలదీసిన తీరు నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

ఫోనులో కూతను విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్ పెట్టుకో, కానీ అది చెప్పిన పేరును ఆధారంగా తీసుకోవాలే తప్ప తీర్పుగా కాదు. పిట్టను కంటితో చూడనిదే రాసుకోవద్దు. ఫోనులో రికార్డు కూత వినిపించి పిట్టను రప్పించడం మాత్రం చేయకు. వేల మైళ్లు వచ్చి తిండి కోసం వెతుక్కుంటున్న ప్రాణి లేని శత్రువు కోసం ఎగిరెగిరి శక్తి ఖర్చు చేసుకోవడం మనకు వినోదం కాకూడదు. చూసినవన్నీ, కాకితో సహా, తేదీ, సమయం, చెట్టు పేరుతో నోటు పుస్తకంలో రాసి, ఆ జాబితాను పక్షులు చూసేవాళ్లు తమ లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైటులో కూడా చేర్చు. ఏప్రిల్‌లో గులాబీ గోరింకలు తిరిగి వెళ్లేనాటికి ఆ పుస్తకం నీకు నాకంటే మంచి గురువవుతుంది.

ఈ ఆదివారం ఉదయం ఆరింటికి నేనే మీ పార్కుకు వస్తాను. ముదురు రంగు చొక్కా, చప్పుడు చేయని చెప్పులు వేసుకుని రా. టీ ఫ్లాస్కు నేను తెస్తాను, కుళాయి ఎక్కడుందో నువ్వు చూపించాలి.

ఇట్లు,
మీ మామయ్య