ఎలుకలను చంపేస్తే స్క్రబ్ టైఫస్ ఆగుతుందా?

ప్రశ్న: గట్ల మీద గడ్డి కోసిన పది రోజులకు మా పక్క పొలం రైతుకు జ్వరం వచ్చింది. స్క్రబ్ టైఫస్ అన్నారు. ఎలుకల వల్లే వస్తుందట. మా వరి గట్ల నిండా కన్నాలే. మందు పెట్టి అన్నిటినీ చంపేస్తే సరిపోతుందా? గేదెలకు పట్టే పిడుదుల వల్ల కూడా వస్తుందా? ఆయన్ని చూడటానికి వెళ్లాలన్నా టెన్షన్‌గా ఉంది.
– ఒక రైతు, చిత్తూరు జిల్లా

జవాబు: ఎలుకల మందు పెట్టాల్సిందే, కానీ ముందు గట్ల మీది గడ్డి, తుప్పలు తీయించండి. ఈ వరస తప్పితే మేలు కన్నా కీడే ఎక్కువ.

ఈ జబ్బు చేసే బ్యాక్టీరియా ఉండేది చిగ్గర్ అనే పురుగులో. మిరపను పీల్చే నల్లి జాతిదే ఇది కూడా. తల్లి పురుగు నుంచి గుడ్ల ద్వారా పిల్లలకు బ్యాక్టీరియా వెళ్తుంది. కుట్టేది పిల్ల పురుగు ఒక్కటే, అదీ మిల్లీమీటరులో ఐదో వంతు ఉంటుంది. దాన్ని మేపేది, గట్టు గట్టుకూ మోసేది ఎలుకలు, పందికొక్కులు. బోనులో పడ్డ ఎలుక చెవి లోపల చూస్తే నారింజ రంగు నలుసులు గుంపుగా అంటుకుని ఉంటాయి. ఒట్టి చేతులతో మాత్రం ముట్టుకోవద్దు. గడ్డి అలాగే ఉంచి ఎలుకలను చంపితే, ఆకలి మీదున్న పిల్ల పురుగులు గడ్డి కోసే మనిషినే పట్టుకుంటాయి.

గడ్డి కోసేటప్పుడు నిండు చేతుల చొక్కా, ప్యాంటు, బూట్లు వేసుకోండి. విప్పిన బట్టలు గడ్డి మీద వేయకండి. పని కాగానే సబ్బుతో స్నానం చేసి, ఆ బట్టలు వేడినీళ్లలో ఉతకండి.

తర్వాత సాయంత్రం కన్నాలన్నీ మట్టితో మూసి, మర్నాడు తెరుచుకున్నవాటిలోనే మందు పెట్టండి. నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు, 0.25 శాతం బ్రోమోడయోలోన్ 2 పాళ్లు కలిపి, కన్నానికి 15 గ్రాముల పొట్లం చాలు. చేతి తొడుగులు తప్పనిసరి. ఊరంతా ఒకేసారి చేస్తేనే ఫలితం, మీ ఒక్క పొలంలో చేస్తే పక్క గట్టు ఎలుకలు వచ్చి చేరతాయి.

గడ్డిలో తిరిగిన మూడు వారాల్లోపు జ్వరం, తలనొప్పి వస్తే చంకలు, గజ్జలు, నడుము దగ్గర వెతకండి. సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పక్కు ఉండొచ్చు. నొప్పి ఉండదు కాబట్టి మనకే తెలియదు. కొందరికి పక్కే ఉండదు. డాక్టరు అడగకపోయినా గడ్డి కోసిన సంగతి చెప్పండి. డాక్సీసైక్లిన్ వేళకు పడితే సాధారణంగా రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటాయి. పెన్సిలిన్ రకం మందులు దీని మీద పనిచేయవు. అందుకే మెడికల్ షాపులో అడిగి ఏదో ఒక మాత్ర మింగి ఊరుకోకండి.

గేదెల పిడుదులతో వచ్చే జబ్బులు వేరు, స్క్రబ్ టైఫస్ వాటి వల్ల రాదు. మనిషి నుంచి మనిషికీ అంటదు. మీ పక్క రైతును నిశ్చింతగా వెళ్లి పలకరించండి.