చిన్న ఆఫీసుకు డిజాస్టర్ రికవరీ: లక్షలు పెట్టకుండా ఏం చెయ్యొచ్చు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: చిన్న స్వచ్ఛంద సంస్థ, పదిహేను కంప్యూటర్లు, ఒక సర్వర్. అందులో లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్, లబ్ధిదారుల వివరాలు, స్కాన్ చేసిన ఫైళ్లు ఉన్నాయి. వేరే ఊళ్లో డీఆర్ (డిజాస్టర్ రికవరీ) సైట్, అంటే ఇక్కడి సర్వర్ పోతే పని అందుకునే రెండో సర్వర్, పెట్టుకోమని వెండర్ ఏడాదికి లక్షల్లో కోట్ ఇచ్చాడు. అంత పెట్టలేం, తక్కువలో దారుందా అంటున్నారు.

ఉంది. ఆ కోట్ పక్కన పెట్టండి. విజయవాడలో చిన్న ఆఫీసుల కంప్యూటర్లు చూసుకోవడమే నా పని. మీ సైజు సంస్థకు ఇంకోచోట రెండో సర్వర్ రాత్రింబవళ్లు నడుస్తూ ఉండాల్సిన అవసరం నాకెప్పుడూ కనబడలేదు. కావాల్సిందల్లా సర్వర్ పోతే ఏ పని ఎన్నాళ్లు ఆగినా ఫర్వాలేదో, ఎన్ని రోజుల ఎంట్రీలు మళ్లీ కొట్టుకోగలరో ముందే తేల్చుకోవడం. వెండర్లు ఆర్‌టీవో, ఆర్‌పీవో అని చెప్పేవి ఈ రెండే. జవాబు మాత్రం వెండర్ దగ్గర ఉండదు, మీ అకౌంటెంట్ గారి దగ్గర ఉంటుంది. జీతాల వారంలో ట్యాలీ ఒక్కరోజు ఆగినా గొడవే. పాత కార్యక్రమాల ఫొటోలు నెల్లాళ్లు రాకపోయినా అడిగేవాళ్లుండరు. అన్నిటికీ ఒకే రక్షణ కావాలంటేనే కోట్ లక్షల్లోకి వెళ్తుంది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు నాకు తెలిసిన ఒక ఆఫీసు గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండేది. రోజూ రాత్రి బ్యాకప్ తప్పకుండా అయ్యేది. కాకపోతే ఆ హార్డ్ డిస్క్ సర్వర్ పక్కనే ఉండేది, రెండూ కలిసే మునిగాయి. చివరికి వాళ్లను ఆదుకున్నది అకౌంటెంట్ గారు అంతకుముందు ఆడిటర్‌కి మెయిల్ చేసిన ట్యాలీ కాపీ. అది ఎవరూ ప్లాన్ చేసింది కాదు. స్కాన్ చేసిన ఫైళ్లకు అలాంటి అదృష్టం పట్టలేదు, అవన్నీ పోయాయి.

అందుకే నేను ఎవరికైనా చెప్పేది రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులు కొనమని. ఒకటి ఆఫీసులో, ఒకటి నమ్మకమైన వాళ్లింట్లో. వారానికోసారి మార్చుకోవాలి. ఆ ఇల్లు అదే వీధిలో ఉంటే లాభం లేదు, అదే వరద అక్కడికీ వస్తుంది. గుంటూరు నుంచి రోజూ వచ్చి వెళ్లేవాళ్లు మీ ఆఫీసులో ఉంటే అంతకన్నా మంచి డీఆర్ సైట్ లేదు! లబ్ధిదారుల ఆధార్ వివరాలుంటాయి కాబట్టి విండోస్‌లోనే ఉండే బిట్‌లాకర్‌తో డిస్క్‌ను లాక్ చేసే ఇవ్వండి. దాని రికవరీ కీ కాగితం మీద ప్రింట్ తీసి మీ కార్యదర్శి దగ్గర పెట్టండి. అదే సర్వర్‌లో సేవ్ చేసుకుంటే తాళం లోపల పెట్టి తలుపేసుకున్నట్టే.

బ్యాకప్ అయ్యాక డిస్క్ పీకేయాలి. ఇది మాత్రం ఎంత చెప్పినా వినరు, రోజూ పెట్టి తీయడం విసుగు అంటారు. రాన్సమ్‌వేర్ (ఫైళ్లను లాక్ చేసి డబ్బు అడిగే వైరస్) వస్తే కంప్యూటర్‌కి తగిలించి ఉన్న డిస్కులన్నిటినీ కలిపే లాక్ చేస్తుంది, విండోస్ తనంతట తాను దాచే పాత కాపీలను కూడా చెరిపేస్తుంది. 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు ఆంధ్ర పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. చిన్న ఆఫీసులు మాకెవరు చేస్తారులే అనుకోకూడదు. ఇంటి నుంచి ట్యాలీ చూసుకోవడానికి రిమోట్ డెస్క్‌టాప్‌ను (దూరం నుంచి ఆఫీసు కంప్యూటర్ నడిపే సౌకర్యం) నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచి ఉంటే ఈరోజే మూసేయండి, దానికి పైసా ఖర్చు లేదు. గూగుల్ డ్రైవ్‌లో సింక్ అవుతోంది కదా అంటారేమో. పాడైన ఫైలు కూడా అంతే బుద్ధిగా సింక్ అవుతుంది. పాత వెర్షన్లను దాచే బ్యాకప్ వేరు, సింక్ వేరు.

క్లౌడ్ వద్దనడం లేదు. ట్యాలీ డేటా, లబ్ధిదారుల డేటాబేస్ రోజూ క్లౌడ్‌కి వెళ్లాలి. డూప్లికాటి, రెస్టిక్ లాంటి బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు ఉచితమే, డేటాను ఎన్‌క్రిప్ట్ చేసి (ఇతరులు చదవలేకుండా మార్చి) పంపుతాయి. డేటాబేస్ నడుస్తుండగా ఫైలు కాపీ కొట్టొద్దు, సాఫ్ట్‌వేర్‌లో ఉన్న బ్యాకప్ ఆప్షన్‌తో తీసిన కాపీనే పంపండి. మొత్తం సర్వర్ క్లౌడ్‌లోనే ఉంటే చాలనుకునే ముందు ఒక లెక్క వేసుకోండి. 500 జీబీ తిరిగి దింపుకోవాలంటే 50 ఎంబీపీఎస్ లైన్ పూర్తి వేగంతో నడిచినా దాదాపు 22 గంటలు పడుతుంది. 2014 హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖలో కరెంటు, ఫోన్ సిగ్నళ్లు రోజుల తరబడి సరిగా లేవు. అలాంటప్పుడు చేతిలో ఉన్న డిస్కే పనికొస్తుంది.

ఇక అసలు విషయం, బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చుకోవడం. మూడు నెలలకోసారి ఒక పాత డెస్క్‌టాప్ తీసుకుని, సర్వర్ ముట్టుకోకుండా, బ్యాకప్ డిస్క్ ఒక్కదానితో ట్యాలీ తెరిచి నిన్నటి వోచర్ కనబడుతోందో లేదో చూడండి. ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ లాంటి పెద్ద కంపెనీలోనే 2017 జనవరి 31న ఒక ఇంజనీర్ పొరపాటున అసలు డేటాబేస్ చెరిపేస్తే, వాళ్లకున్న ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లలో ఒక్కటీ సరిగ్గా ఆదుకోలేదు. వేరే పని కోసం సుమారు ఆరు గంటల ముందు తీసిన కాపీ దొరికింది కాబట్టి బయటపడ్డారు.

ఈ రిహార్సల్ చేస్తే ఎవరూ ఊహించని చోట పని ఆగుతుంది. డేటా అంతా వచ్చేసింది, ట్యాలీ లైసెన్స్ కొత్త మెషీన్‌లో యాక్టివేట్ చెయ్యాలి, ఆ ఈమెయిల్ మానేసి వెళ్లిపోయిన అకౌంటెంట్‌ది. జీఎస్టీ పోర్టల్ ఓటీపీ కూడా ఆయన ఫోన్‌కే పోతుంది. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ (ఆన్‌లైన్ సంతకానికి వాడే పెన్‌డ్రైవ్ లాంటిది) మునిగిన సొరుగులో ఉంది. నేను చూసిన వాటిలో డేటా పోయి ఆగిన ఆఫీసుల కన్నా ఇలా ఆగినవే ఎక్కువ. అందుకని ఏ అకౌంట్ ఎవరి నంబర్‌తో ఉంది, ఇంటర్నెట్ వాళ్లకు ఎవరు ఫోన్ చెయ్యాలి, ముందు ఏ కంప్యూటర్ లేపాలి అన్నవి రెండు పేజీల్లో రాసి కాగితం మీదే ఇద్దరి దగ్గర ఉంచండి.

ఖర్చు సంగతంటారా, రెండు డిస్కులు, కొంచెం క్లౌడ్ స్టోరేజీ, ఒక సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ కలిపి నా అంచనాలో మొదటి ఏడాది ముప్పై వేలు దాటకూడదు. సర్వర్‌ను గ్రౌండ్ ఫ్లోర్ నుంచి పైకి మార్చడానికి కూలీ అదనం. మీది సెక్షన్ 8 కంపెనీ (కంపెనీల చట్టం కింద రిజిస్టరైన సేవా సంస్థ) అయితే మాత్రం ఖాతాల బ్యాకప్ రోజూ మన దేశంలోనే ఉన్న సర్వర్‌లో ఉండాలని 2022లో నిబంధన మార్చారు, కాబట్టి క్లౌడ్ తీసుకునేటప్పుడు సర్వర్లు ఎక్కడున్నాయో అడగండి. మీ మొత్తం డేటా ఎన్ని జీబీలో, ఇంటర్నెట్ స్పీడ్ ఎంతో రాస్తే ఏ డిస్కు, ఏ ప్లాను సరిపోతాయో చెప్తాను.