కార్డు వీపు ఎండలో చూడు, అల్లుడూ

అల్లుడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి గంటసేపు మాట్లాడింది, అందులో సగం ఏడుపే. "వాడు దాచుకున్న పైసలన్నీ తీసి ఆట కార్డులు అచ్చేయిస్తాడట అన్నా, వెయ్యి సెట్లట" అని. "వాణ్ణి నేను చూసుకుంటా, నువ్వు పడుకో" అని పెట్టేశాను గానీ నాకూ నిద్ర పట్టలేదు. భయం వేసింది. నవ్వకు, మన ఇంట్లో ఇంకొకడికి ఈ పిచ్చి పట్టిందని కొంచెం సంబరంగా కూడా ఉంది.

నువ్వు వాట్సాప్‌లో పంపిన రూల్స్ రెండుసార్లు చదివాను. ఎదురెదురుగా ఇద్దరు తుపాకీ వాళ్లు, చేతిలో దాచిన కార్డులు, కాల్చడమో దాక్కోవడమో తూటా నింపుకోవడమో ఒకటి ఎంచుకుని ఇద్దరూ ఒకేసారి తిప్పడం. చిన్నప్పుడు నేనూ మీ అమ్మా పిడికిట్లో చింతగింజలు పట్టుకుని సరా బేసా అని ఆడుకున్నాం చూడు, దానికి ఇది మనవడు వరస. అక్కడా గింజల్ని ఎవరూ చూడరు, ఎదుటివాడి ముఖం చూస్తారు. మీ అమ్మ ముఖం చూసి కనిపెట్టడం మాత్రం ఇప్పటికీ నా వల్ల కాదు.

చిన్న సంగతులు ముందే చెప్పేస్తా. రూల్స్ ఒక పేజీ దాటనీయకు. ఆట తెలియని ఇద్దరికి పెట్టె ఇచ్చి నువ్వు పక్కన నోరు మూసుకుని కూర్చో. మూడు ప్రెస్సుల్లో రేటు అడుగు. వెయ్యి వద్దు, ముందు వంద.

ఆట గంట పడుతుందని రాశావు, ఎందుకంత? అమెరికాలో టూంబ్‌స్టోన్ అనే ఊళ్లో 1881 అక్టోబర్ 26న జరిగిన ఓకే కొరాల్ కాల్పులు, ఇప్పటికీ అందరూ చెప్పుకునేవి, అరనిమిషంలో అయిపోయాయి. ముప్పై దాకా తూటాలు పేలాయి, ముగ్గురు చచ్చిపోయారు. నీ ఆటలో ఓడినవాడు టీ చల్లారకముందే "ఇంకొక్కటి" అనాలి. ఇంకో మాట. ఆ కాలపు ఆరు గుండ్ల కోల్ట్ రివాల్వర్‌లో చాలామంది ఐదే నింపుకునేవాళ్లట, పొరపాటున దెబ్బ తగిలి పేలకుండా తూటాని కొట్టి పేల్చే హ్యామర్ కింద గది ఖాళీగా వదిలేసేవాళ్లు. నువ్వేమో ఇద్దరికీ ఆరేసి అని ముందే చెప్పేశావు. ఆ ఆరో గదిలో తూటా ఉందో లేదో ఎదుటివాడికి తెలియకుండా పెట్టి చూడు, ఐదు పేల్చినవాడు ఆరోసారి తుపాకీ ఎత్తితే అవతలివాడి గుండె ఎలా కొట్టుకుంటుందో!

పెట్టెలో రూపాయి గుర్తున్న బిళ్లలు పెడతానన్నావు, అది మాత్రం వద్దే వద్దు. తూటా బొమ్మలు పెట్టు. మన తెలంగాణలో 2017 నుంచి పైసలు పెట్టి ఆన్‌లైన్‌లో రమ్మీ ఆడినా కేసే. నీది పేకాట కాదని నాకు తెలుసు, టీ కొట్టులో కూర్చున్నవాళ్లకి ఎవరు చెప్తారు? చట్టం కూడా పక్కన పెట్టు. మీ తాత చెరువు కింద రెండెకరాలు పేకలో పోగొట్టాడు. మీ అమ్మ ఏడ్చింది నీ ఆట గురించి కాదు బిడ్డా, కార్డులు అన్న మాటకి.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు పుట్టకముందు ప్రకాశం బజార్లో నాకు ట్రెడిల్ ప్రెస్, అంటే కాలితో తొక్కి నడిపే అచ్చు మిషను, ఉండేది. పెళ్లి కార్డుల సీజన్ అయిపోయి ఖాళీగా కూర్చున్న రోజుల్లో ఒక ఆలోచన వచ్చింది. పిల్లలు నోటుబుక్కు చింపి రాజు రాణి దొంగ పోలీస్ చీటీలు రాసుకుంటారు కదా, అవే బొమ్మలతో అట్ట మీద వేసి దసరా సెలవులకి అమ్మితే? మీ అత్త గాజులు కుదువబెట్టి ఐదొందల సెట్లకి అట్ట తెచ్చాను. హైదరాబాద్ నుంచి రాజు, రాణి, పోలీస్ బొమ్మలు చెక్కిన అచ్చు బ్లాకులు వచ్చాయి, దొంగది రాలేదు. ఆగలేక ఆ మూడూ ముందూ వెనకా కొట్టేశాను. నాలుగు రోజులకి దొంగ వచ్చాడు. బండ మీద వీపులకి వేసే నీలం ఇంకు మళ్లీ కలిపాను, కత్తి కొసన నలుపు చిటికెడు ఎక్కువ పడింది. రాత్రి బల్బు కింద పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటే రంగు. కొట్టేశాను.

మొదటి సెట్ మీ అమ్మకే ఇచ్చాను. అరుగు మీద పిల్లలతో కూర్చుని, తనకి పోలీస్ వచ్చిన ప్రతిసారీ దొంగని పట్టేస్తోంది. ఏడుసార్లకి ఏడుసార్లు. నా చెల్లెలు ఎంత తెలివైందో అని గుమ్మంలో నిలబడి మురిసిపోయాను. రెండు రోజులు నోరు విప్పలేదు దొంగముఖంది. మూడో రోజు, రెండొందల సెట్లు దుకాణాలకి వేసి వచ్చాక, నాకు అన్నం పెడుతూ మెల్లగా అంది: "అన్నా, దొంగోడి వీపు జర నల్లగుంటది."

కంచం వదిలేసి ఎండలోకి తీసుకెళ్లి చూశాను. కళ్లున్న ఎవడికైనా కనిపిస్తుంది. వారంలో సెట్లన్నీ వెనక్కి వచ్చాయి. గాజులు విడిపించడానికి రెండేళ్లు పట్టింది, ఆ రెండేళ్లూ మీ అత్త పెళ్లిళ్లకి మట్టిగాజులతోనే వెళ్లింది.

ఇప్పుడంతా పెద్ద ఆఫ్‌సెట్ అచ్చు మిషన్లే మామా, అలా జరగదు అంటావు. జరుగుతుంది. మొదటి షీటుకీ వెయ్యో షీటుకీ ఇంకు మారుతుంది, ఒకే షీటులో ఈ చివరకీ ఆ చివరకీ కూడా మారుతుంది. ఒక సెట్ కార్డులన్నీ ఒకే షీటు మీద, ఒకే రోజు వేయించు. మామూలు ఆర్ట్ కార్డు వద్దు, లైటుకి పెడితే అవతల బొమ్మ కనిపించవచ్చు; మధ్యలో నల్ల పొర ఉండే ప్లేయింగ్ కార్డ్ బోర్డు అడుగు. మ్యాట్ లామినేషన్, అదే మెరుపు లేని ప్లాస్టిక్ పొర, చూడ్డానికి బాగుంటుంది గానీ గోరు గీత పడితే పోదు, ఆ గీతే కార్డుకి గుర్తయిపోతుంది. ప్రూఫ్, అంటే ముందుగా వేసిచ్చే నమూనా, వచ్చాక కార్డులన్నీ బోర్లా పరిచి పొద్దున తొమ్మిదింటి ఎండలో చూడు, ట్యూబులైటు కింద కాదు. నువ్వు చూడటం కాదు, ఇంకొకరికి చూపించు. చేసినవాడి కంటికి తప్పు కనిపించదు.

పైసలు తక్కువైతే ముందు నన్ను అడుగు, లోన్ యాప్‌ల జోలికి పోయావంటే కాళ్లు విరగ్గొడతా.

నా పాత సెట్ ఒకటి బీరువాలో దొరికింది, బస్సు పార్సిల్‌లో వేస్తున్నా. దొంగని నువ్వే వెతుక్కో. ఆదివారం ప్రూఫ్ తీసుకుని నల్లగొండ రా. మీ అమ్మ మిర్యాలగూడ నుంచి పొద్దున బస్సుకే వస్తానంది, ఎందుకో నేను చెప్పలేదు. అందరికంటే ముందు ఆమెతో ఆడించు.

మీ మామ